చిట్టిగాడి షుగర్ 318

రిపోర్టు ఫోన్లో తెరవగానే నా చూపు గ్లూకోజ్ దగ్గర ఆగిపోయింది. 318. పక్కన ఎర్రటి 'హెచ్', అంటే ఎక్కువని. నాకు షుగర్ వచ్చి 11 ఏళ్ళు, 318 అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 104 గ్రాముల చిట్టిగాడికి, అంటే మా కాకటీల్ చిలక్కి, ఇన్సులిన్ సూది ఎక్కడ గుచ్చుతారా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పొద్దున డాక్టర్ గారు కాగితం చూసి నవ్వేశారు. "ఇది వీడికి మామూలేనండీ. పక్షులకి 200 నుంచి 400 దాకా ఉంటుంది. ఆ ఎర్ర గుర్తులు వదిలేయండి, ల్యాబ్ వాళ్ళు కుక్కల లెక్కతో పోల్చారు." నిజమే, పైన 'జంతువు' అన్నచోట కుక్క అని ఉంది. చిట్టి అన్న పేరు మాత్రం తప్పు లేకుండా రాశారు.

అసలు పరీక్ష ఎందుకంటే, వాడి రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నాలుగు రోజులుగా పచ్చగా వస్తోంది. కాలేయం దెబ్బతింటే మన ఒంట్లో చేరేది పసుపురంగు బిలిరుబిన్, కళ్ళు పచ్చబడతాయి. పక్షుల్లో అది దానికి ముందు మెట్టయిన బిలివర్డిన్ దగ్గరే ఆగిపోతుంది, దాని రంగు ఆకుపచ్చ. అందుకే కళ్ళు కాదు, రెట్ట చూడాలట. కామెర్లలో పచ్చా, ఆకులో పచ్చా ఒకటే మాటగా పెట్టుకున్న మనవాళ్ళు తెలిసే పెట్టారేమో అనిపించింది.

నేను మామూలుగా చూసుకునే అంకెలేవీ అక్కడ పనికిరాలేదు. మన కిడ్నీలకి చూసే క్రియాటినిన్ ఏదని అడిగితే, పక్షి కిడ్నీలకి చూడాల్సింది యూరిక్ యాసిడ్ అన్నారు. అది 6.2, బాగానే ఉంది. కిడ్నీ చాలావరకు పాడైతే తప్ప ఆ అంకె పెరగదు కాబట్టి మరీ సంబరపడొద్దని కూడా అన్నారు. గోరు కత్తిరించి ఒక చుక్క తీస్తే సరిపోదా అని మొదట్లో నేనే సలహా ఇచ్చాను. కాళ్ళకి రెట్ట అంటుకుని ఉంటుంది, రెట్టలోని తెలుపంతా యూరిక్ యాసిడే, అది కలిస్తే లేని కిడ్నీ జబ్బు రిపోర్టులో కనిపిస్తుంది. ఆ తర్వాత నేను సలహాలివ్వడం మానేశాను.

రక్తం తీసింది మెడ కుడిపక్కన. టవల్లో చుట్టి, ఈకలు స్పిరిట్‌తో తడిపి పక్కకి తోస్తే, సన్నటి చర్మం కింద నీలంగా నరం కనబడింది. తీసింది అర మిల్లీలీటరు కూడా లేదు. ఇంత పిట్టలోంచి ఒక మిల్లీలీటరు దాటి తీయకూడదట. కానీ వాడు టవల్లోకి రావడానికే మూడుసార్లు తప్పించుకుని, గోడకి కొట్టుకుని, డాక్టర్ గారి వేలు కొరికాడు.

ఆ పెనుగులాటే రిపోర్టులోకి ఎక్కింది. ఏఎస్‌టీ 540, సీకే 1900. కణాలు దెబ్బతింటే రక్తంలోకి చేరే ఎంజైములివి, రెండూ ఎక్కువే. ఏఎస్‌టీ కాలేయం నుంచీ వస్తుంది, కండరం నుంచీ వస్తుంది. సీకే వచ్చేది కండరం నుంచే. రెండూ కలిసి పెరిగితే కాలేయం మీద నేరం మోపలేం. "మూడు వారాలాగి మళ్ళీ చూద్దాం" అన్నారు. సీకే త్వరగా దిగిపోతుంది, ఏఎస్‌టీ నెమ్మది. ఆ మూడు వారాలు నాకున్న టెన్షన్ చిట్టిగాడికి ఇసుమంతైనా లేదు.

ఆ రోజే మైక్రోస్కోపులో నన్నూ చూడమన్నారు. పక్షి ఎర్రకణం కోడిగుడ్డులా కోలగా ఉంది, మధ్యలో పచ్చసొనలాగా ముదురు కేంద్రకం. మన ఎర్రకణంలో అది ఉండదు. మనుషుల రక్తం లెక్కపెట్టే యంత్రాలు ఇక్కడే బోల్తా పడతాయి, వీటిని తెల్లకణాలనుకుని లెక్కేసేస్తాయి. అందుకే ల్యాబ్ అంకె కొట్టేసి, స్లైడు మీద డాక్టర్ గారే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నారు. నాకు రిపోర్టు మీద కంటే ఆ లెక్క మీదే నమ్మకం కుదిరింది.

రెండోసారి గదిలో లైటు తీసేసి పట్టుకున్నారు, ఒక్క ప్రయత్నంలో దొరికాడు. సీకే 210కి దిగింది. ఏఎస్‌టీ మాత్రం 470 దగ్గరే కూర్చుంది. దాంతోపాటు కాలేయం పనితీరు తెలియడానికి చేయించిన బైల్ యాసిడ్స్ కూడా ఉండాల్సినదానికంటే పైనే. డాక్టర్ గారు నవ్వలేదు. "గింజల్లో పొద్దుతిరుగుడు ఎంత పెడుతున్నారు?" అని అడిగారు. నేను గిన్నె సైజు చేత్తో చూపించాను. చూపిస్తుంటేనే సిగ్గేసింది. కాలేయానికి కొవ్వు పట్టి ఉండొచ్చు, ఇంకా తేల్చలేం అన్నారు.

గింజలు ఒక్కసారిగా ఆపకూడదట, కొత్త తిండి ముట్టక పస్తులుండి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయట. అందుకని పక్షుల తిండి గుళికలు (పెల్లెట్లు) రోజుకి కొంచెం పెంచుతూ, గింజలు కొంచెం తగ్గిస్తూ, పొద్దున్నే వాణ్ణి తక్కెడ మీద నిలబెడుతున్నాను. నా షుగర్ రాసుకునే డైరీలోనే ఇంకో గడి గీశాను. ఈ రోజు నాది 141, వాడిది 101 గ్రాములు. గుళికల్ని మాత్రం ఇంకా ఏరి ఏరి గిన్నెలోంచి బయటికి విసిరేస్తూనే ఉన్నాడు.