సౌదీ గోధుమ, మన చీనీ తోట

కడపలోనూ రాయచోటి వైపూ గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి తక్కువ. కాబట్టి ఈ మాట అందరూ వినే ఉంటారు: "కువైట్లో ఏరు లేదు, వాన లేదు. అయినా కొళాయి తిప్పితే నీళ్లు. మనకు ఆ మాత్రం చేతకాదా?" చేతనవుతుంది, తాగునీటి వరకు. కువైట్ 1950లలోనే సముద్రపు నీటిని మంచినీళ్లు చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు షత్ అల్ అరబ్ నదినుంచి పడవల్లో నీళ్లు తెచ్చుకునేవాళ్లు. కానీ ఆ నీళ్లు సేద్యానికి పనికిరావు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

ఎకరా నేలమీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబెడితే సుమారు 4,000 లీటర్లు. రబీ శెనక్కాయకు పంట మొత్తం మీద 500 మిల్లీమీటర్లు కావాలి, అంటే ఎకరాకు 20 లక్షల లీటర్లు. ఆర్‌ఓ పద్ధతిలో వెయ్యి లీటర్ల సముద్రపు నీటిని తీపి చేయడానికి ఇప్పటి మంచి ప్లాంటుకు మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. ఎకరా శెనక్కాయకు ఏడు వేల యూనిట్లు! అనంతపురం సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఆ నీళ్లను ఇక్కడిదాకా ఎక్కించడానికి వెయ్యి లీటర్లకు ఇంకో యూనిట్ పైనే. మన బోరు ఐదొందల అడుగుల లోతునుంచి అవే వెయ్యి లీటర్లు ఒక యూనిట్‌తో పైకి తెస్తుంది. రైతుకు అది ఉచిత కరెంటు కూడా. అసలు చిక్కు అక్కడే ఉంది: తోడకానికి ఖర్చు అడ్డు రాదు.

పైగా సముద్రం కూడా నమ్మకంగా కూర్చునే వనరేమీ కాదు. 2008, 2009లో గల్ఫ్‌లో ఎర్రనాచు విపరీతంగా పెరిగి, ఫిల్టర్లు మూసుకుపోయి కొన్ని ప్లాంట్లు ఆపేయాల్సి వచ్చింది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఇలాంటి బెడద పెరిగే అవకాశమే ఎక్కువ.

అరబ్ దేశాల్లో మనం చూసి నేర్చుకోవాల్సింది కువైట్ కొళాయి కాదు, సౌదీ గోధుమ చేను. అక్కడ భూమి కింద ఉన్నది వేల ఏళ్ల కిందటి వానల నీరు. ఇప్పటి వాన దానికి చేరేది నామమాత్రం. బ్యాంకులో అసలు మాత్రమే ఉండి వడ్డీ రాని ఖాతా అది. 1970ల చివర్లో ప్రభుత్వం గోధుమను ప్రపంచ మార్కెట్ ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనడం మొదలుపెట్టింది. డీజిల్ చవక. మధ్యలో బోరు, దాని చుట్టూ గుండ్రంగా తిరిగే పొడుగాటి స్ప్రింక్లర్ చెయ్యి. ఎడారిలో పచ్చని బిళ్లలు వెలిశాయి. 1990ల మొదట్లో ఏడాదికి దాదాపు 40 లక్షల టన్నులు పండించి, సౌదీ అరేబియా ప్రపంచంలో పెద్ద గోధుమ ఎగుమతిదారుల్లో ఒకటైంది. ఎడారి దేశం తన పాత నీళ్లను గోధుమ బస్తాల్లో కట్టి బయటికి పంపిందన్నమాట.

నీటిమట్టం పడిపోతుంటే 2008లో మేలుకుని, ఏటా 12.5 శాతం చొప్పున కొనుగోలు తగ్గిస్తూ 2016కి ఆపేస్తామన్నారు. ఆపేశారు కూడా. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. బోర్లు, మోటార్లు, స్ప్రింక్లర్లు అన్నీ అలాగే ఉన్నాయి. రైతులు గోధుమ మానేసి పాడి కంపెనీల కోసం లూసర్న్ గడ్డి వేశారు. గోధుమ చలికాలం పంట, నాలుగైదు నెలల్లో కోతకొస్తుంది. లూసర్న్ పన్నెండు నెలలూ నేలమీదే ఉంటుంది, కోసిన కొద్దీ పెరుగుతుంది, మండు వేసవిలోనూ తాగుతుంది. ఎకరాకు నీటి వాడకం కొన్ని రెట్లయింది. చివరికి పచ్చిమేతకు కూడా అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. పెద్ద పాల కంపెనీ అల్‌మరాయ్ 2014లో అమెరికాలోని ఆరిజోనాలో భూమి కొని, అక్కడి భూగర్భజలంతో గడ్డి పెంచి ఓడల్లో తెప్పించుకుంది. పంటను కట్టడి చేశారు, తోడే నీటిని చేయలేదు. ఫలితం అలాగే ఉంటుంది.

ఇది ఎక్కడో జరిగిందని అనుకోకండి. అనంతపురంలో వానాధారపు శెనక్కాయ తరచూ దెబ్బతింటోందని బోరు కింద చీనీ (బత్తాయి) పెట్టారు. ఆదాయం లెక్కలో అది తెలివైన పనే. నీటి లెక్కలో మాత్రం గోధుమనుంచి లూసర్న్‌కు మారడం లాంటిదే. వాన రాకపోతే శెనక్కాయ చేను ఒక కారు బీడు పెట్టొచ్చు. చీనీ చెట్టును బీడు పెట్టలేం. అందుకే కరువు ఏడు ట్యాంకర్లు తిరుగుతాయి.

"డ్రిప్ వేశాం కదా" అంటారు. దీనికి జవాబు మొరాకోలో ఉంది. 2008 తర్వాత అక్కడ డ్రిప్‌కు 80 నుంచి 100 శాతం దాకా సబ్సిడీ ఇచ్చారు. భూగర్భజలం నిలబడలేదు. కారణం సులువైనదే. కాలువ కట్టి పారించినప్పుడు వృథా అనుకున్న నీళ్లలో కొంత భాగం మళ్లీ భూమిలోకే ఇంకేది, పక్కవాడి బావిలో తేలేది. డ్రిప్ ఆ ఇంకుడును ఆపుతుంది. చెట్టు తాగి ఆవిరి చేసేది మాత్రం తగ్గదు. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాలు పెడతాడు. మొత్తం నీటి ఖర్చు పెరుగుతుంది. డ్రిప్ కరెంటు ఆదా చేస్తుంది, కూలి, ఎరువు కలిసొస్తాయి, దిగుబడి పెరుగుతుంది. వేయండి. కానీ విస్తీర్ణం పెంచితే నీళ్లు మిగలవు.

మరి ఎంత పెట్టాలి? దానికి ముందు బోరు కొలవాలి. బోరు వేసిన రోజు కంప్రెసర్ చిమ్మిన ధారను చూసి "మూడించుల నీళ్లు" అనుకోవడం అన్ని తప్పులకూ మొదలు. 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్ గడియారం చాలు. మోటారు వేయగానే పట్టకండి, కేసింగులో నిలిచిన నీళ్లు ముందు దూకుతాయి. కనీసం గంట నడిచాక పట్టండి. అక్టోబరులో ఒకసారి, ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి. గేట్‌వాల్వు రెండుసార్లూ ఒకేలా తెరిచి ఉండాలి, లేకపోతే పోల్చడానికి పనికిరాదు. డ్రమ్ము అక్టోబరులో 80 సెకన్లలో, ఏప్రిల్లో 133 సెకన్లలో నిండిందనుకుందాం. సెకనుకు రెండున్నర, ఒకటిన్నర లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు 81,000, 48,600 లీటర్లు.

ఈ రెండు అంకెల్ని ఎలా వాడాలో ఒమన్ ఫలజ్ చెబుతుంది. కొండ కింది ఊటను సొరంగంలోనో పైకాలువలోనో ఊరికి తెచ్చే పాత ఏర్పాటు అది. ఇప్పటికీ దాదాపు మూడు వేలు నడుస్తున్నాయి, అయిదింటికి 2006లో యునెస్కో గుర్తింపు దొరికింది. వాటాలు ఎకరాల్లో ఉండవు, సమయంలో ఉంటాయి. అరగంట ఒక 'అథర్'. పగలు కర్ర నీడ, రాత్రి చుక్కలు చూసి వంతు మార్చేవాళ్లు. మన చెరువుల కింద నీరుగట్టి చేసిన పనే అక్కడ 'అరీఫ్' చేస్తాడు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: ఖర్జూరం తోటలకు నీరు ముందు. వాటి అవతల ఉండే భూముల్లో ఏడాది పంటలు, ఊట బాగుంటే ఎక్కువ, తగ్గితే తక్కువ. శాశ్వత పంటకు కష్టకాలపు నీరు కొలత, తాత్కాలిక పంటకు మంచికాలపు నీరు కొలత.

అదే మన బోరుకు పెడితే: చీనీ ఏప్రిల్ అంకె మీద, రబీ పంట అక్టోబరు అంకె మీద. వేసవిలో కాపు చెట్టుకు రోజుకు 120 లీటర్లు, డ్రిప్‌లో పదో వంతు పోతుంది అనుకుంటే 48,600కి సుమారు 365 చెట్లు. ఆరు మీటర్ల ఎడంతో ఎకరాకు 112 చెట్లు, అంటే మూడెకరాల పైచిలుకు. కరెంటు కోతకు, చెడ్డ ఏడుకు పాతిక శాతం తీసేసి రెండున్నర ఎకరాలు పెట్టండి. చలికాలంలో ఆ తోటకు రోజుకు పదిహేడు వేల లీటర్లు చాలు. మిగిలిన 64 వేలు మూడెకరాల శెనక్కాయకు సరిపోయేలా కనిపిస్తాయి. కానీ జనవరికి బోరు తగ్గుతుంది, కాబట్టి ఎకరన్నర.

ఇది బోరు ఇవ్వగలిగేది. భూమిలోకి దిగేది వేరే లెక్క. అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్లు. మన గట్టిరాయి నేలల్లో అందులో పదో వంతు ఇంకుతుందని పట్టుకుంటే ఎకరాకు 2 లక్షల 20 వేల లీటర్లు. పైన చెప్పిన పొదుపైన తోటకు, ఎకరన్నర శెనక్కాయకు కలిపి ఏడాదికి 97 లక్షల లీటర్లు కావాలి. అంటే 44 ఎకరాల మీద కురిసిన వాన. మీ ఐదారెకరాలు పోను మిగతాది పక్కవాళ్ల చేలు, వంక, కుంట ఇచ్చిందే. ఊరి భూమి 1,500 ఎకరాలైతే ఇలాంటి బోర్లు 34కు మించి నిలబడవు. బోరుకు అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతూనే ఉంది, రిగ్గు బండ్లు వస్తూనే ఉన్నాయి. మీ ఊళ్లో ఎన్ని నడుస్తున్నాయో తెలియాలంటే కాగితాల మీద చూడకండి, ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా లైన్‌మన్‌ను అడగండి.