రసీదు లేని వైద్యం

నడుములో డిస్కు జారినప్పుడు ఒక వైద్యుడు రాసిచ్చిన టపెంటడాల్ అనే నొప్పి మాత్రలు, ఆ చీటీకి కాలం చెల్లిన తర్వాత కూడా, బెంగళూరులో మా వీధి మందుల దుకాణంలో అడిగినన్ని దొరుకుతూ వచ్చాయి. అది నల్లమందులా పనిచేసే ఓపియాయిడ్ మందని, ఒంటికి అలవాటైతే మోతాదు పెంచుకుంటూ పోవలసి వస్తుందని రాసినవారూ చెప్పలేదు, అమ్మినవారూ చెప్పలేదు. కుదుటపడిన తర్వాత కూడా వారి మీద నా కోపం తగ్గలేదు.

దుకాణం మూసి, మాత్రలు దొరకని ఒక పండుగ రాత్రి మొదట ఆగని ఆవులింతలు, కళ్లవెంట ముక్కువెంట నీరు, ఆ తర్వాత ఒళ్లంతా గగుర్పాటు, వాంతులు, విరేచనాలు, పిక్కలను లోపలినుంచి ఎవరో పట్టి లాగుతున్నట్లు నొప్పి వచ్చాయి. దిష్టి తగిలిందని మా అత్తయ్య ఉప్పు, ఎండుమిరపకాయలు తీసి పొయ్యిలో వేశారు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. తెల్లవారుజామున మావారు బీరువా వెనుక దొరికిన ఖాళీ మాత్రల అట్టలను బల్లమీద పెట్టి, ఒక్కమాట కూడా అనకుండా ఓఆర్‌ఎస్ కలిపి తాగించారు. ఆ మౌనానికి నేను ఈనాటికీ ఋణపడి ఉన్నాను.

తర్వాత నగర శివారులోని ఒక ప్రైవేటు వ్యసన చికిత్సా కేంద్రానికి వెళ్లాం. నెలకు డెబ్బై వేలు, మూడు నెలల సొమ్ము ముందుగానే, నగదుగా, రసీదు లేకుండా ఇవ్వమన్నారు. నేను ఎదుటే కూర్చుని ఉండగా అక్కడి మేనేజరు మావారితో, "ఆడమనిషి కదండీ, బయటికి పొక్కకుండా చూసుకునే ఖర్చు కూడా అందులోనే ఉంది" అన్నాడు. రోగం కన్నా నా పరువుకే ఎక్కువ వెల కట్టిన ఆ మాటను నేను మరిచిపోలేదు. మావారు నా గొలుసు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉండగా, హిందూపురం నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, వ్యసనం నుంచి బయటపడేందుకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ సంఖ్య 14446కు చేయమన్నాడు.

అలా హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సా కేంద్రానికి చేరాం. వరుసలో చాలాసేపు నిలబడవలసి వచ్చినా, లోపల వైద్యురాలు ప్రశ్నలన్నీ మావారిని కాక నన్నే అడిగారు. బాధ మొదలయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే నాలుక కింద ఆ బాధను తగ్గించే బ్యూప్రినార్ఫిన్-నాలోక్సోన్ మందు పెట్టారు. తొందరపడి ఇస్తే, అలవాటైన మందు ఆగినప్పుడు కలిగే ఆ బాధ, అంటే విత్‌డ్రాయల్ ముదురుతుందట. ఆ సాయంత్రానికి పిక్కల లాగుడు తగ్గింది. కొన్నాళ్లు అక్కడే చేరి ఉన్నాను. మొత్తం ఖర్చు ఆ ప్రైవేటు కేంద్రం ఒక్క నెలకు అడిగినదానిలో కొద్ది వంతే.

ఆ బిల్లును కూడా బీమా సంస్థ వ్యసనం తమ పాలసీలోకి రాదని తిప్పికొట్టింది. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది, శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 21వ సెక్షన్‌లో చెబుతుంది. అయినా పాలసీ పత్రాల మినహాయింపుల జాబితాలో వ్యసనం ఇంకా కనిపిస్తూనే ఉంది. సొమ్ము చిన్నదే అయినా బెంగళూరులో బీమా సంస్థల మీద ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు రాశాం.

ఏ కేంద్రానికైనా డబ్బు కట్టేముందు, ఆ చట్టం కింద నమోదు పత్రం చూపమని అడగండి, వైద్యుడు ఎవరో అడగండి, రసీదు అడగండి. కదిరి నరసింహస్వామికి మొక్కిన మొక్కు ఇంకా తీర్చుకోలేదు. మందు మోతాదు పూర్తిగా తగ్గించిన తర్వాత వెళ్దామని మా అత్తయ్య అంటున్నారు.