గరుకు టైల్స్ గుంటల్లోని మట్టి

కోనసీమలో వానాకాలం వస్తే చేల ఒండ్రుబురద కాళ్లతోపాటు మా వరండాలోకీ వస్తుంది. జారకుండా ఉండేందుకు వేయించుకున్న గరుకు టైల్స్ గుంటల్లో అది ఎండి పట్టేస్తే, తడిగుడ్డ పైపైన తిరుగుతుందే తప్ప లోపలికి దిగదు. కనుక ముందు పొడిగా ఊడ్చి, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి పోసి, కాసేపు నాననిచ్చి, గట్టి నైలాన్ బ్రష్‌తో అటూ ఇటూ రుద్దాలి. స్టీలు పీచు వద్దు. రాలిన పోగులు తుప్పు మరకలవుతాయి. అన్నిటికంటే ముఖ్యం మురికినీటిని తీసేయడం: అక్కడే ఆరనిస్తే మట్టీ సబ్బుజిడ్డూ మళ్లీ గుంటల్లోకే చేరతాయి కాబట్టి, ధారాళంగా నీళ్లు పోసి, వైపర్‌తో లాగి, పొడిగుడ్డతో అద్దాలి. బోరునీటి తెల్లచారలకు చాలామంది బాత్‌రూమ్ యాసిడ్ పోస్తారు; అది టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది, బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే విషవాయువు వెలువడుతుంది. దయచేసి ఆ రెండింటినీ ఎన్నడూ కలపకండి.