వరుస చివర మూత

మా చీనీ (బత్తాయి) తోటలో ప్రతి డ్రిప్పు వరుస చివరా ఒక మూత ఉంటుంది. పదిహేను రోజులకోసారి నాన్న మోటారు వేసి, ఆ మూతలు ఒక్కొక్కటే విప్పుతాడు. ముందు ఎర్రటి మడ్డి బుసబుసా వస్తుంది, కాసేపటికి తేట నీళ్లు వస్తాయి. మూత బిగించి పక్క వరుసకు నడుస్తాడు. "ఈ పనికి సబ్సిడీ లేదు పాపా" అంటాడు ప్రతిసారీ.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఉమ్మడి రాష్ట్రంలో డ్రిప్పుకు సబ్సిడీ ఇచ్చే సూక్ష్మసేద్యం పథకం 2003లో మొదలైతే, మా పొలానికి పైపులు 2006లో వచ్చాయి. పాసుపుస్తకం జిరాక్సులు, ఫొటోలు, సంతకాలు, చివరికి టేపు పట్టుకుని కొలతలు తీసే మనిషి. మా వాటా కట్టడానికి అమ్మ రెండు మేకలను అమ్మింది. ఇప్పటి లెక్క చెప్పాలంటే, కేంద్రం నిబంధన ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు ఖర్చులో 55 శాతం, మిగతావారికి 45 శాతం. దానిమీద మన రాష్ట్రం కలిపేది వేరు. ఇంత సాయం లేకుండా మాలాంటివాళ్లు డ్రిప్పు మొహం చూసేవాళ్లు కాదు, అందులో అనుమానం లేదు.

అంతకుముందు కాలువలు తీసి పాదులకు పారించేవాళ్లం. కరెంటు పోయే వేళకు నీళ్లు సగం తోట కూడా దాటేవి కావు. డ్రిప్పు వచ్చాక చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 4 లీటర్లు, మూడు గంటలకు 48 లీటర్లు. ఎకరానికి 108 చెట్లు, రెండెకరాలు. అన్నీ తడిశాక కూడా బోరులో నీళ్లు మిగిలాయి.

మిగిలిన నీళ్లను ఏం చేశామో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంకో రెండెకరాలు చీనీ పెట్టాం. పక్క చేను చిన్నాన్న మూడెకరాలు పెంచాడు. ఉచిత కరెంటు, మీటరు చూసేవాళ్లు లేరు. దరఖాస్తులో ఎన్ని ఎకరాలకు కావాలని అడిగారు తప్ప, రోజుకు ఎన్ని గంటలు తోడతారని ఏ కాగితమూ అడగలేదు. 2012 వేసవికి రెండించుల నీళ్లు పోసే బోరు నలభై నిమిషాలకే గాలి కక్కడం మొదలుపెట్టింది. ట్యాంకర్లతో చెట్లు బతికించుకున్నాం. అన్నీ బతకలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఉపాధి హామీ కింద పంట కుంట తవ్వుతామన్నారు. నాన్న మొదట ఒప్పుకోలేదు, భూమి దండుగ అన్నాడు. నేను పట్టుబట్టి, వాలు నీళ్లు దిగే మూలన, బోరుకు కాస్త ఎగువన తవ్వించాను. తొలి పెద్ద వానకు నిండింది. పది రోజులకు అడుగున బురద మిగిలింది. "నీళ్లు నిలవని కుంట ఎందుకు? ప్లాస్టిక్ పట్టా పరిపిద్దాం" అన్నాడు. నీళ్లు ఇంకి బోరుకు చేరాలనే కదా తవ్వించింది, పట్టా వద్దని గొడవ పెట్టుకున్నాను. మరుసటి వేసవిలో మోటారు గంటన్నర ఆడింది. కుంట వల్లేనని ఒట్టేసి చెప్పలేను, ఆ ఏడు వానలు కూడా బాగానే పడ్డాయి.

ఇక ఉడుతల సంగతి. ఎండాకాలం దాహానికి అవి పైపులు కొరుకుతాయి. ఎక్కడ చిమ్మితే అక్కడ ముక్క కోసి జాయినరు పెట్టాలి. మందు పెట్టమని ఎవరో చెప్తే నాన్న వినలేదు. పగిలిన కడవల అడుగులు తెచ్చి, చెట్ల కింద అక్కడక్కడా పెట్టి నీళ్లు పోస్తున్నాడు. కొరుకుళ్లు తగ్గాయి కానీ పూర్తిగా ఆగలేదు. ఏ అధికారికీ ఇది కొత్త పద్ధతిగా కనబడదనుకోండి.

పోయిన ఏడాది నాన్న ఎవరితోనూ చెప్పకుండా ఒక పని చేశాడు. తర్వాత పెట్టిన రెండెకరాల్లో ఒక ఎకరం చీనీ తీసేసి కంది చల్లాడు. పన్నెండేళ్లు పైబడిన చెట్లను నరికించిన రోజు అమ్మ అన్నం తినలేదు.

మొన్న ఆదివారం చిన్నాన్న కొడుకు వచ్చాడు, కొత్తగా డ్రిప్పుకు దరఖాస్తు పెడుతున్నాడట. ఏ కంపెనీ పైపు మంచిదని అడిగాడు. నాన్న తుండుతో చేతులు తుడుచుకుంటూ, "ముందు మీ బోరు ఎన్ని గంటలు పోస్తుందో చెప్పు" అన్నాడు.