కుంచె పట్టుకుని సంక్రాంతికి

నా పీహెచ్‌డీ బ్రిటన్‌లో, హాయినిచ్చే స్పర్శ మీద. 7 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) ఎంఆర్ఐలో మనిషిని పడుకోబెట్టి ముంజేతిని మెత్తటి కుంచెతో నిమురుతాం. మా దగ్గర ఆ పనికి రోబో లేదు, నా చెయ్యే. టెన్షనంతా అక్కడే. చర్మం మీద గీసుకున్న 9 సెంటీమీటర్లు సరిగ్గా 3 సెకన్లలో దాటాలి, ప్రతిసారీ అదే ఒత్తిడితో. అందుకే సంక్రాంతికి రాజోలు వచ్చేటప్పుడు కుంచె తెచ్చుకున్నాను. ఫోన్లో మెట్రోనోమ్ పెట్టుకుని అరుగు మీద దొరికిన వాళ్లందరి చేతులూ నిమిరాను.

ఆ వేగానికి కారణం సీ-టాక్టైల్ అనే సన్నటి స్పర్శ నరాలు. రోమాలున్న చర్మంలో ఉంటాయి, అరచేతిలో చాలా అరుదు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే బాగా స్పందిస్తాయి. అంతకు తగ్గినా పెరిగినా అంతగా పట్టించుకోవు.

మామ్మకి ఇవేవీ చెప్పకుండా పదికి మార్కులేయమన్నాను. సెకనుకు 0.3 సెంటీమీటర్లతో మొదలుపెడితే "చీమేదో పాకుతోందే, తియ్యి" అంది. 30కి "దుమ్ము దులుపుతున్నావా?" అంది. 3కి మాత్రం ఎనిమిది వేసి, కళ్లు మూసుకుని "ఇంకాసేపు రాయవే" అంది. కొబ్బరి దింపుకొచ్చినాయన అన్నిటికీ ఒకటే మార్కు: "ఆయ్, బానే ఉందండీ." మొహమాటం! ల్యాబ్‌లోనూ ఇలాంటివాళ్లు తగులుతారు. మార్కులొక్కటే నమ్ముకోకుండా మెదడునీ చూసేది అందుకే.

తిరిగెళ్లాక ట్రయల్ స్కాన్‌కి ముందు నన్నే పడుకోబెట్టారు. బల్ల లోపలికి జరుగుతుంటే కుదుపులో ఉన్న గోదారి పంటు మీద నిలబడినట్టు కళ్లు తిరిగాయి. అంత అయస్కాంత బలం చెవి లోపలి బ్యాలెన్స్ భాగాన్ని కదుపుతుంది. కాసేపటికి సర్దుకుంది. తర్వాత కుంచె. చెక్క పిడిదే, లోహం గదిలోకి రాకూడదు.

మేం వెతికేది మెదడులో ఇన్సులా అనే ప్రాంతం వెనక భాగాన్ని. 2002లో హోకన్ ఒలౌసన్ బృందం, లావుపాటి స్పర్శ నరాలు పోయి ఈ సన్నటివే మిగిలిన ఒకావిడ చేతిని నిమిరితే, మామూలు స్పర్శ కేంద్రం స్పందించలేదు, ఇన్సులా స్పందించింది. అది మెదడు మడతల లోపల దాగి ఉంటుంది. మామూలు ఆస్పత్రుల్లో ఉండేవి ఎక్కువగా 1.5, 3 టెస్లా మిషన్లు. 7లో మిల్లీమీటరు కంటే చిన్న ముక్కలుగా విడదీసి చూడొచ్చు. అయినా అది చూపించేది హాయిని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుని, అదీ నిమిరిన కొన్ని సెకన్ల తర్వాత. ఇంత సూక్ష్మంగా చూస్తున్నప్పుడు తల మిల్లీమీటరు కదిలినా బొమ్మ చెదురుతుంది. అందుకే ఇప్పుడు వాలంటీర్లకి నేను మొదట చెప్పేది కుంచె గురించి కాదు, తల చుట్టూ పెట్టే స్పాంజి దిండ్ల గురించి.