వరద తీశాక లంకలో

మాది నిజామాబాద్ జిల్లా. పోచంపాడు ప్రాజెక్టు చూస్తూ పెరిగాను కాబట్టి గోదావరి అంటే నా కళ్లకు ఎప్పుడూ నిలబడి ఉన్న నీళ్లే. అమ్మాయిని అమలాపురం ఇచ్చాక రెండు మూడుసార్లు అటు వెళ్లాను గానీ పురుళ్లు, బారసాలలతోనే సరిపోయింది. పోయిన కార్తీకంలో మాత్రం మా వియ్యంకుడు గారు "వరద తీసిందండి, ఈసారి లంకలో మా చేను చూసే వెళ్లాలి చెల్లెమ్మగారూ" అని పట్టుబట్టారు.

రాజమండ్రిలో రైలు దిగి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్లాం. కాటన్ దొర హయాంలో 1852లో పూర్తయిన ఆనకట్ట చోట ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. మధ్యలో లంకలు, అంటే ఏటి నడుమ మేట వేసిన దిబ్బలు, ఉండబట్టే నాలుగయ్యాయి. పాపికొండల మధ్య ఇరుక్కుని ఒరుసుకుంటూ వచ్చిన నది పోలవరం దాటాక ఒళ్లు విరుచుకుంటుంది. వెడల్పు పెరిగితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే మోస్తున్న బరువు దించాల్సిందే. ముతక ఇసుక ముందు దిగుతుంది, సన్నది ఆ తర్వాత. అలా దించిన ఇసుకే తిప్పగా లేస్తుంది. దాని మీద రెల్లు మొలుస్తుంది. మరుసటి ఏటి వరదలో ఆ రెల్లు ఒండ్రును పట్టి ఆపుతుంది. అలా అలా అదొక లంక అవుతుంది.

మర్నాడు ఇంజను పడవలో వశిష్ఠ పాయ దాటాం. లంక దగ్గర పడుతుంటే ముందు కనిపించింది పచ్చదనం కాదు, రెండు నిలువుల ఎత్తున నిట్టనిలువుగా కోసినట్టున్న గట్టు. పైన కొబ్బరిచెట్టు ఒకటి సగం వేళ్లు గాలిలో వేలాడేసుకుని ఉంది. దాన్ని చూస్తే నాకు గుండె జారిపోయింది. వియ్యంకుడు గారు మాత్రం రోజూ చూసేదే అన్నట్టు పడవ దిగి, ఆ కోత దగ్గరికి తీసుకెళ్లారు.

ఎంతసేపు నిలబడ్డానో అక్కడ! పైన మూరెడు గోధుమరంగు ఒండ్రు. వేళ్ల మధ్య నలిపితే పిండిలా ఉంది. దాని కింద నల్లటి పలచని బంకమట్టి చార, కింద మళ్లీ ఒండ్రు. అంతకింద ఒక్కసారిగా మోకాలెత్తు మందాన తెల్లని ఇసుక.

"ఇదండి, ఎనభయ్యారు ఇసుక" అన్నారాయన. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద అది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు ఆయన పొలం మీద మోకాలి లోతు ఇసుక మేట వేసిందట. తీయించే స్తోమత లేక రెండేళ్లు వదిలేశారు. తర్వాతి వరదలు దాని మీద ఒండ్రు కప్పుకుంటూ వచ్చాయి. ఇప్పుడు ఆ పైనే అరటి. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఏం జరిగిందని అడిగితే, ఈ చోట మంచి ఒండ్రే పట్టిందని, పక్క రైతుకు మాత్రం ఇసుక పడిందని చెప్పారు. ఒకే వరద, పక్కపక్క చేలు. నీరు గట్టెక్కగానే నెమ్మదించి ఇసుకను అంచునే వదిలేస్తుంది, సన్నటి మట్టి మాత్రం లోపలికి పాకుతుంది. అందుకే లంకకు అంచులు మెరకగా, నడుమ పల్లంగా ఉంటాయి.

నేను అనుకున్నదేమిటంటే వరద ఉధృతికి గట్టు కొట్టుకుపోతుందని. ఆయన తల అడ్డంగా ఊపారు.

"వచ్చేటప్పుడు కాదండి, తీసేటప్పుడు పడిపోద్ది."

వరదలో గట్టు నీళ్లు తాగి బరువెక్కుతుంది. అప్పుడు ఏటి నీరే దానికి ఆసరా. నీరు చప్పున దిగిపోతే ఆ ఆసరా పోతుంది. లోపల పట్టిన నీరు ఇసుక పొరలోంచి ఊటగా కారుతూ ఇసుకను లాగేస్తుంది. పైన ఒండ్రు ఎంత గట్టిగా ఉన్నా కింద గుల్ల అయితే నిలబడదు. చెట్టూ చేమా కలిపి పలకలాగా ఏట్లోకి జారుతుంది. రాత్రిళ్లు ఆ చప్పుడు ఊళ్లోకి వినిపిస్తుందట. ఈయనకు ఇప్పటికి రెండెకరాలు అలాగే పోయింది.

ఎదురుగా ఏటికి అవతల, వంపు లోపలి వైపున, కొత్త ఇసుక మేట మెరుస్తూ కనిపించింది. ఇక్కడ కోసిన ముతక మట్టి చాలావరకు ఎంతో దూరం పోదు, దిగువన ఇలాంటి మేటల్లోనే చేరుతుంది. కానీ పోయిన పట్టా భూమికి బదులుగా ఆ మేటలో సెంటు కూడా ఈయనది కాదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. మట్టి ఎక్కడికీ పోలేదు, కళ్లెదుటే ఉంది, యజమాని మాత్రం చేతులు కట్టుకుని చూడాలి.

నాకు ఇంకో మాట కూడా అప్పుడే తట్టింది. నది మట్టిని మోసుకెళ్లి సముద్రంలో పోస్తుందని బడిలో చదువుకున్నాం. నేను చూసింది అది కాదు. కొంతదూరం మోసి, ఒక చేలో దించి, నలభై ఏళ్లో నాలుగు వందల ఏళ్లో అక్కడే ఉంచి, పాయ ఇటు ఒరిగినప్పుడు మళ్లీ ఎత్తుకుంటుంది. మహారాష్ట్ర నల్లరేగడిలోంచి బయల్దేరిన మట్టి ఇక్కడికి చేరేసరికి ఎన్ని చేలల్లో పండి ఉంటుందో!

సాయంత్రం అంతర్వేది వెళ్లాం. స్వామి దర్శనం అయ్యాక సాగరసంగమం దగ్గర కూర్చున్నాం. సముద్రం ఊరివైపు ముందుకొస్తోందని అక్కడివాళ్లు టెన్షన్ పడుతున్నారు. అప్పుడు నేను పోచంపాడు సంగతి చెప్పాను. 112 టీఎంసీలు పట్టేలా కట్టిన ప్రాజెక్టు, 1994 సర్వే నాటికే 90 టీఎంసీలకు వచ్చేసింది. తగ్గినంత మేరా పూడికే. పైన మహారాష్ట్రలో ఇదే గోదావరి మీదున్న జాయక్‌వాడీ ప్రాజెక్టులోనూ మట్టి ఆగుతోంది. దిగువన కలిసే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చేది తెస్తున్నా, డెల్టాకు వచ్చే మట్టి మునుపటంత లేదు. అలలు కోసుకుపోయిన చోటు పూడాలంటే ఏరు మట్టి తేవాలి కదా.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే మా మట్టి మీ ఊళ్లో ఆగిపోయిందన్నమాటండి" అన్నారు చివరికి. తర్వాత, "ఎండాకాలంలో నీళ్లు తగ్గుతాయి కదా, అప్పుడొస్తాను చెల్లెమ్మగారూ. ఆ పూడిక ఒకసారి చేత్తో పట్టుకు చూడాలని ఉంది."

మేలో రమ్మన్నాను.