టాక్సు మన కుర్చీ ఎక్కడుంటే అక్కడే

దుబాయ్ నుంచి వచ్చేశాక అమలాపురం దగ్గర మా ఊళ్లోనే ఉంటూ ఒక అమెరికా కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. ఇంకా దుబాయ్‌లోనే ఉన్న మా బావ మాత్రం ఒకటే పోరు. "పన్ను రాయితీలుండే ఇక్కడి ఫ్రీజోన్‌లో కంపెనీ పెట్టెయ్ బావా, డాలర్లు దాన్లో వేయించుకో, టాక్సు గొడవే ఉండదు."

ఆడిటర్ గారు అంతా విని, "కంపెనీ సంగతి సరేనండి, పని ఎక్కడ కూర్చుని చేస్తారు?" అన్నారు. ఇంట్లోనే అన్నాను. "అయితే టాక్సూ ఇక్కడేనండి."

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకి మొదట్లో విదేశీ ఆదాయం మీద వెసులుబాటు ఉంటుంది కదా అని అడిగాను. అది అక్కడి అద్దెలకీ వడ్డీలకీనట. ఇక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చే డాలర్లు ఇక్కడి సంపాదనే. పైగా విదేశీ కంపెనీలో వాటా ఉంటే, ఆ వెసులుబాటు తీరాక ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల వివరాలడిగే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. దాస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్తుంది. అసలు యూఏఈలోనే 2023 నుంచి 9 శాతం కార్పొరేట్ టాక్సు ఉంది. బావ ఆ ముక్క చెప్పలేదు!

2024-25కి రిటర్ను ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద వేశాం. వచ్చినదాంట్లో సగం లాభంగా చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు భద్రపరచక్కర్లేదు. రాబడి 75 లక్షల దాకా ఈ వీలుంది, నగదు 5 శాతం మించకూడదంతే. అడ్వాన్స్ టాక్సు మార్చి 15 లోపు ఒకేసారి కట్టేశాను.

చిక్కల్లా కొబ్బరితోటతో వచ్చింది. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే సులువైన రిటర్ను ఫారం ఐటీఆర్-4 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. రెండు దింపులకే ఆ అంకె దాటిపోతుంది మాకు. దింపు డబ్బు మీద టాక్సు లేదు గానీ, మిగతా ఆదాయానికి రేటు లెక్కేసేటప్పుడు దాన్నీ కలుపుతారు. రొయ్యల చెరువున్నవాళ్లకి ఈ మినహాయింపు కూడా లేదు, అది వ్యవసాయం కింద రాదు.

రాబడి 20 లక్షలు దాటడంతో జీఎస్టీ నంబరు తీసుకున్నాను. ఎగుమతి సేవ కనక, ఎల్‌యూటీ అనే హామీపత్రం పెడితే జీఎస్టీ కట్టక్కర్లేదు, రిటర్నులు మాత్రం తప్పవు. డబ్బు విదేశం నుంచి వచ్చిందనడానికి బ్యాంకు ఇచ్చే ఎఫ్ఐఆర్ఏ కాగితం ప్రతి ఇన్‌వాయిస్‌కీ జతచేసి ఉంచుతాను. అమెరికా కంపెనీవాళ్లు డబ్ల్యూ-8బెన్ ఫారం అడిగారు, అక్కడి టాక్సు లెక్కల్లో మనం విదేశీయులమని చెప్పే కాగితం అది. అది నింపడం పది నిమిషాల పని. ఎల్‌యూటీ మాత్రం ఏటా కొత్తగా పెట్టాలి. మార్చిలోనే పెట్టేస్తే ఏప్రిల్ మొదటి ఇన్‌వాయిస్‌కి ఇబ్బంది ఉండదు.